జీలుగు చెట్టు కింద సాక్షులు

మా బావ ఎవరికైనా ఊరికే టీ తాగించగా చూసినవాళ్ళు లేరు. అలాంటి మనిషి, వరి నూర్పులు అయిపోయిన చలికాలంలో ఒక ఆదివారం, కోటబొమ్మాళిలో బస్సెక్కి శ్రీకాకుళంలో నా అద్దెగదికి వచ్చాడు. చాప మీద కూర్చుని, పైపంచెతో మొహం తుడుచుకుని, "ఒరే పంతులూ, ఈ యేడు అందరం కలిసి కొండకెల్దాం. జీలుగు కల్లు తాగొద్దాం. అన్నీ నాను సూసుకుంటాను" అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. అనుమానం కలిగింది.

ఆయన మా అక్క భర్త. కోటబొమ్మాళి పక్క పల్లెలో సొంత వరిపొలం, దుక్కిటెద్దులు, పెంకుటిల్లు ఉన్న రైతు. నేను అప్పట్లో హైస్కూల్లో పంతులుని. విజయనగరంలో చదువుకునే రోజుల్లో సంస్కరణ సభలకు తిరిగి, మూఢనమ్మకాల మీద వాదించడం నేర్చుకున్నాను. ఎవరేం చెప్పినా రుజువేదని అడగడం అప్పటి నుంచి వచ్చిన అలవాటు. మా బావ నన్ను పంతులూ అని పిలిచే పిలుపులో సగం మర్యాద, సగం వెక్కిరింత ఉండేవి. రెండో సగం ఎప్పుడూ కొంచెం ఎక్కువ.

జీలుగు కల్లు కోసం కొండకి వెళ్ళడం మా వైపు కొత్త కాదు. మైదానంలో తాటిచెట్టు, ఈతచెట్టు ఉన్నాయి. కానీ కల్లు మీద నిషేధం ఉన్న రోజులవి. నిషేధం కాగితం మీద ఉండేది, కల్లు చెట్టు మీద ఉండేది, మధ్యలో తాగేవాడు నాలుగు దిక్కులూ చూసి తాగేవాడు. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే ఆ భయం లేదు. అక్కడ గిరిజనుల పల్లెల చుట్టూ జీలుగు చెట్లు, చేప తోకలాంటి ఆకులతో, ఒక్కొక్కటి ఒక్కో కుటుంబానికి చెందినవి. పొద్దున్న దించిన కల్లు తియ్యగా, నురగతో, కొబ్బరినీళ్ళకి అన్నలా ఉంటుంది. మధ్యాహ్నానికి పులుస్తుంది. నూర్పులయ్యాక చేతిలో తీరిక, మనసులో సరదా ఉన్నవాళ్ళు బంధువులతో, స్నేహితులతో ఒక పూట అక్కడ గడిపి రావడం ఉండేది. ఇదంతా నిజమే. మా బావకి సరదా ఉండటమే నమ్మశక్యం కాలేదు.

"ఎవరెవరం?" అని అడిగాను.

"నువ్వు, నాను, మీ అక్క, గుంట. సాలూరు నేస్తం లారీ ఇస్తానన్నాడు. కాంపౌండరు వొస్తాడు. మీ పిన్ని వొస్తాది."

"పిన్నా?"

"ఏం? ఆవిడికి మాత్తరం సరదా ఉండదేటి?"

మా పిన్ని సరదా గురించి మా బావ ఆలోచించడం నేను అదే మొదటిసారి వినడం. ఆవిడ మా అమ్మ చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ పోయాక మా అక్క దగ్గరికి వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లవారకముందే లేచి గేదెల పని చూసేది, పేడ ఎత్తేది, బావ గుంట అనే అక్క కూతుర్ని చంకనేసుకుని ఊరంతా తిరిగేది. ఆ పాపకి అప్పుడు మూడేళ్ళు. తల్లి దగ్గరకంటే పిన్ని దగ్గరే ఎక్కువ పెరిగింది. మా బావ ఆవిడతో మాట్లాడే మాటలు 'అత్తా, కుడితి పెట్టినావా', 'అత్తా, తలుపేసినావా' వరకే.

బావ వెళ్ళిపోయాక నేను చాలాసేపు ఆలోచించాను. ఏదో అడగబోతున్నాడు. లేదా ఏదో చెయ్యబోతున్నాడు. అడిగేదే అయితే నన్నొక్కణ్ణీ పట్టుకుని అడిగేవాడు, ఇంతమందిని పోగెయ్యడు.

మరుసటి ఆదివారం ప్రయాణం సంగతులు మాట్లాడుకోవడానికి అందరం అక్క ఇంటి అరుగు మీద చేరాం. సాలూరు నుంచి లారీ ఓనరు వచ్చాడు. ధాన్యం లోడు కోసం ఎలాగూ ఇటు వచ్చాడు. పొట్టిగా, గట్టిగా నవ్వుతూ, ప్రతి మాటకీ మావా అని తగిలించే మనిషి. కోటబొమ్మాళి కాంపౌండరు వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో థర్మామీటరు. ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో డాక్టరు మాటకంటే ఆయన మాటకే విలువ ఎక్కువ.

అక్క మినపసున్ని పెట్టింది. మాటలు మొదలయ్యాయి. రైల్లో విజయనగరం వరకు, అక్కణ్ణుంచి బస్సులో సాలూరు, రాత్రికి లారీ ఓనరు ఇంట్లో పడక, మర్నాడు లారీలో కొండకి. నంజుకోవడానికి కళింగపట్నం నుంచి ఎండునెత్తళ్ళు, అవే ఎండబెట్టిన చిన్నచేపలు, తెప్పించాలి. ఆడవాళ్ళకి తీపి కల్లు, మగవాళ్ళకి పులిసినది. చలికి దుప్పట్లు.

"నెత్తళ్ళు వద్దు మావా, కొండమీద కోడి దొరుకుతాది" అన్నాడు లారీ ఓనరు.

"సరే, కోడే" అన్నాడు బావ.

"లారీ కాకుండా మనం కొండ బస్సెక్కితే?" అన్నాడు కాంపౌండరు.

"సరే, బస్సే."

"బస్సేటి, నా లారీకి ఏటొచ్చింది?"

"సరే మావా, లారీయే."

గమనించాను. ఏ విషయంలోనూ పట్టుదల లేదు. కొత్తిమీర కట్ట కోసం సంతలో గంటసేపు బేరమాడే మనిషి, చెప్పినదానికల్లా సరేనంటున్నాడు. అప్పుడు నేను కావాలనే ఒక మాట వేశాను.

"పిన్నికి మోకాళ్ళ నొప్పులు. ఘాట్ రోడ్డు కుదుపులకి తట్టుకోలేదు. ఆవిణ్ణి ఇంటి దగ్గర ఉంచేద్దాం. గేదెల్ని చూసుకోవడానికి కూడా మనిషుండాలి."

"కుదరదు" అన్నాడు బావ. "గేదెలకి పాలేరున్నాడు."

రెండో మాట వేశాను. "సాలూర్లో తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కకముందే చేరతాం. తీపి కల్లు దొరుకుతుంది."

"కుదరదు. సలిలో గుంటకి మల్లీ జొరం వస్తాది. తీరిగ్గా అన్నాలు తినీసి బయల్దేరి ఎండపొద్దుకి సేరుదాం."

రెండు మాటల దగ్గర మాత్రమే మా బావ కదల్లేదు: పిన్ని రావాలి, ఎండపొద్దుకి చేరాలి. కల్లు తాగడానికి వెళ్ళేవాడికి రెండూ అక్కర్లేని పట్టుదలలే. ఎండ ముదిరితే కల్లు ధార సన్నగిల్లుతుందనీ, గీత గీసేది పొద్దున్నా సాయంత్రమూ మాత్రమేననీ తాటిచెట్టు ఉన్న ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. మా బావ పొలంగట్టు మీద ఈతచెట్ల వరసే ఉంది.

కాంపౌండరు వైపు తిరిగాను. "మీరు కల్లు తాగరు గదా?"

"నాను తాగను. సూస్తాను."

"ఏటి చూస్తారు?"

ఆయన మా బావ మొహం చూశాడు. మా బావ మినపసున్ని ఉండ నోట్లో వేసుకున్నాడు.

సాయంత్రం లారీ ఓనర్ని స్టేషన్ రోడ్డు వరకు సాగనంపడానికి వెళ్ళాను. దారిలో ఆయనే చెప్పాడు, అందులో దాచవలసింది ఏముందో తెలియక.

"మీ బావ సిత్రమైన మనిషి మావా. మంచి కల్లున్న సెట్టు సూడమంటాడేటో అనుకున్నాను. అది కాదంట. ఇంతదాకా ధార తప్పని సెట్టు కావాలంట. ఎప్పుడూ ఆగకూడదంట. అలాంటిది ఒకటుంది, సెట్టుగలోణ్ణి ఒప్పించినాను. అయినా పులుపో తీపో అడగాల గానీ, ఇదేటి అడగడం?"

నేను రోడ్డు మీదే ఆగిపోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు వర్షాకాలంలో అక్క ఇంట్లో పాలిచ్చే గేదెకి ఉన్నట్టుండి పాలు ఎండిపోయాయి. తర్వాత పాపకి జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్ళీ రావడం. చలితో వణికించే ఆ జ్వరం మా వైపు ప్రతి మూడో ఇంట్లోనూ ఉండేది. అయితే గేదె పాలు పితికేది పిన్ని. పాపకి అన్నం పెట్టేది పిన్ని. ఎవరో ఒకరు చెరువుగట్టున ఒక మాట అన్నారు. చిల్లంగి.

చేతబడికి మా జిల్లాలో ఉన్న పేరు అది. ఆ మాటకి సాక్ష్యం అక్కర్లేదు, తీర్పు ముందే ఉంటుంది. గిట్టని ముసలిదాని మీద, ఆస్తికి అడ్డొచ్చిన విధవ మీద, దిక్కులేని ఒంటరి మనిషి మీద పడుతుంది గానీ, బలిసినవాడి మీద పడ్డట్టు నేనెన్నడూ వినలేదు. చిల్లంగికి మనుషుల్ని ఎంచుకోవడం బాగా తెలుసు. చిల్లంగి చేసేవాళ్ళు చెట్టుకీ, గేదెకీ, తల్లి రొమ్ముకీ ధార ఆపేస్తారని నమ్మకం. పదిమంది ముందు ఒక్కసారి ఆ మాట రుజువయిందన్నారంటే ఆ మనిషి పళ్ళు రాలగొట్టి ఊరు దాటించిన సంగతులు నేను చిన్నప్పుడు విన్నాను. దయగలవాళ్ళైతే పళ్ళు వదిలేసి ఊరు మాత్రం దాటిస్తారు.

కాబట్టి ఇది విహారం కాదు. విచారణ. ధార తప్పని చెట్టు కింద పిన్నిని కూర్చోబెడతాడు. ధార ఆగుతుంది. ఆగే వేళకే తీసుకువెళ్తున్నాడు. మేమంతా అతిథులం కాదు, సాక్షులం. కాంపౌండరు ఊరికి చెప్పే సాక్షి. నేను అన్నిటికంటే పనికొచ్చే సాక్షిని. పంతులు కూడా ఉన్నాడు, పంతులు కూడా చూశాడు అంటే ఇక ఎదురుండదు. ఆ తర్వాత పిన్ని ఆ ఇంట్లో ఉండదు. ఎక్కడికి పోతుందన్నది ఎవరికీ సంబంధం లేని ప్రశ్న.

వెనక్కి వెళ్ళాను. అక్క పశువుల సాలలో ఒక్కతే గడ్డి వేస్తోంది.

"నీకు తెలుసా?" అన్నాను.

ఏమిటని అడగలేదు. గడ్డిమోపు కిందికి దించింది.

"తెలుసురా."

"తెలిసి ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోక? రోజూ రేయనక పగలనక ఆయన కళ్ళు ఆవిడ సేతిమీదే ఉంటన్నాయి. అన్నం కలిపితే సూస్తాడు. నీల్లు తోడితే సూస్తాడు. గుంటనెత్తుకుంటే లాగేసుకుంటన్నాడు. ఒక్కసారి ఆ సెట్టు కిందకెల్లి, ధార ఆగనేదని కళ్ళతో సూసినాడంటే ఆయన నోరు పడిపోద్ది. నాకదే సాలు."

"ఎండపొద్దుకి ఏ చెట్టు ధార ఆగదే అక్కా?"

అక్క నా మొహం చూసింది. ఆ సంగతి ఆవిడకి తట్టలేదని అప్పుడర్థమైంది.

"ఆయనకది తెలుసంటావా?" అంది నెమ్మదిగా.

ఈ రోజుకీ చెప్పలేను. కావాలనే ఆ వేళ పెట్టాడో, పాప జ్వరానికి భయపడే పెట్టాడో, రెండూ కలిసి ఒకే మనసులో ఒకదానికొకటి తెలియకుండా కూర్చున్నాయో.

"ప్రయాణం మానేద్దాం" అన్నాను.

"మానేస్తే భయపడి మానేసినారంటాడు."

అదీ నిజమే. చిల్లంగి తమాషా అదే. పరీక్షకి వెళ్తే దోషి, వెళ్ళకపోయినా దోషి. అసలు పరీక్షకి ఒప్పుకోవడమంటే అలాంటిదొకటి ఉందని ఒప్పుకోవడం. నేను సభల్లో గొంతు చించుకుని చెప్పిన మాటలివి. సభలో చప్పట్లు కొట్టారు. పశువుల సాలలో పనికి రాలేదు.

పిన్నికి చెప్పి రాకుండా ఆపుదామని వెళ్ళాను. ఆవిడ తన ట్రంకుపెట్టె తెరిచి ముదురాకుపచ్చ నేతచీర తీసి మడతలు విప్పుతోంది. కలరా ఉండల వాసన గదంతా నిండింది.

"ఇది కట్టుకుంటే బాగుంటాదా నాయినా?"

"పిన్నీ, నువ్వు రావద్దు. బావ నిన్నెందుకు తీసుకెళ్తున్నాడో తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ..."

"నాను సెవిటిదాన్ని కాదు గదా. గేదె గొడ్డుపోయిన కాడ్నించి ఆ అబ్బి నా ఎంగిలి గళాసు వేరే పెట్టించినాడు. నాకెరుకలేదనుకుంటన్నాడు." చీర అంచు వేళ్ళతో సవరించింది. "ఒరే, నీ బాబాయి పోయిన కాడ్నించి నన్ను ఎవులైనా ఎక్కడికైనా రమ్మన్నారేటి? పెళ్ళికి పిలవరు, పేరంటానికి పిలవరు. పుట్టి బుద్దెరిగి నాను కొండెక్కనేదు. దేనికి పిలిసినా పిలిసినాడు గదా. ఎల్తాను."

"చెట్టు ఆగిపోతే?"

"ఆగిపోతే ఆగిపోద్ది. ఆ సెట్టుకీ నాకూ ఏటి తగువు?"

ఇక నాకు మిగిలింది ఒకటే దారి. ఆ వారంలోనే లారీ ఓనర్ని మళ్ళీ పట్టుకుని, తీపి కల్లు కోసమని చెప్పి, బావకి తెలియకుండా, సాలూరు నుంచి చీకటితోనే బయల్దేరేలా ఒప్పించాను. లోడు పనుందని చెప్పమన్నాను. ముంత నిండుగా ఉన్న వేళకే చెట్టు కిందికి చేరాలని నా ఎత్తు. బావ ఎండని నమ్ముకున్నాడు, నేను మంచుని నమ్ముకున్నాను. అది నిజాయితీ అయిన పరీక్ష కాదని తెలుసు. కానీ నిజాయితీ లేని పరీక్షకి వెళ్తున్నప్పుడు నా ఒక్కడి నిజాయితీ పిన్నిని కాపాడదు.

అనుకున్న రోజు వచ్చింది. సాలూర్లో వీధి నిండా లారీలే. ఇంటి గుమ్మాల ముందు ఎద్దుల్ని కట్టినట్టు లారీలు నిలబెట్టారు. చీకట్లోనే అందర్నీ లేపాడు లారీ ఓనరు. బావ సణిగాడు. "ఇదేటి మావా, కోడి కుయ్యకముందు?" "లోడుంది మావా, నానేటి సెయ్యను?" అని ఆయన నా వైపు చూడకుండా అబద్ధమాడాడు. ఆడవాళ్ళూ పాపా ముందు క్యాబిన్లో, మగవాళ్ళం వెనక గోనెసంచుల మీద. చలికి కాంపౌండరు థర్మామీటరున్న జేబు అరచేత్తో కప్పుకుని కూర్చున్నాడు.

ఘాట్ మొదట్లో పోలీసులు ఆపారు. ఆ రోజుల్లో కొండల్లో గిరిజనుల పోరాటపు అలజడి ఉంది. పైకి వెళ్ళే ప్రతి బండినీ ఆపి అడిగేవారు.

"ఎక్కడికి?"

"కల్లు తాగడానికండి" అన్నాడు లారీ ఓనరు. నిజమే చెప్పాడు.

హెడ్డు కానిస్టేబులు టార్చి వేసి క్యాబిన్లోకి చూశాడు. పచ్చచీర కట్టుకున్న ముసలమ్మ, ఆవిడ పక్కన నిద్రపోతున్న పాపతో ఇల్లాలు. "సంసారాల్తో కల్లుకా?" అన్నాడు. నమ్మలేదు. అందర్నీ దింపించాడు. కోడి అనుకున్నా అక్క కట్టి తెచ్చిన ఎండునెత్తళ్ళ మూట కూడా విప్పించాడు. నేను పంతుల్నని చెప్పాను. దాంతో అనుమానం రెట్టింపయింది. ఆ పోరాటాన్ని నడిపేవాళ్ళలో పంతుళ్ళున్నారు కాబట్టి, అప్పట్లో కొండెక్కే పంతుళ్ళంటే వాళ్ళకి వేరే లెక్క. ఏం పాఠం చెబుతావు, ఎవరు తెలుసు, ఏ సభల్లో మాట్లాడావు అని మొదలుపెట్టాడు. ఎస్సై వచ్చేదాకా కూర్చోమన్నాడు.

కూర్చున్నాం. మంచు కరిగింది, ఎండ వచ్చింది. నా ఎత్తు నా కళ్ళముందే పాడైపోతుంటే రాయి మీద కూర్చుని చూశాను. బావ బీడీ వెలిగించి, "సూసినావా పంతులూ, నిన్ను తెచ్చినందుకు" అన్నాడు. ఎస్సై వచ్చి, కాంపౌండర్ని గుర్తుపట్టి, మమ్మల్ని పంపేసేసరికి పొద్దు బాగా ఎక్కింది. చెట్టు దగ్గరికి చేరేసరికి సరిగ్గా మా బావ కోరుకున్న వేళ.

ఆ ఊరు పది గుడిసెలుంటుంది. వెనకాల వాలులో జీలుగు చెట్టు, దానికి ఆనించి కణుపు కణుపుకీ కొమ్మ మొదళ్ళు వదిలేసిన వెదురు, అదే నిచ్చెన. పైన గెల కోసిన చోట ముంత వేలాడుతోంది. చెట్టుగలాయన, ఆయన భార్య మాకోసం ఆకులు పరిచారు.

"అత్తా, నువ్వు సెట్టు మొదట్లో కూకో. నీడగున్నాది" అన్నాడు బావ.

పిన్ని వెళ్ళి కూర్చుంది. పచ్చచీర మోకాళ్ళ మీద సర్దుకుని మెడ ఎత్తి చెట్టు చివరిదాకా చూసింది. మేమంతా కూడా పైకి చూశాం. చప్పుడు లేదు, చుక్క లేదు. గెల కోత ఎండకి ఆరిపోయి, చుట్టూ చీమలు.

బావ కాంపౌండరు వైపు తిరిగాడు. "సూసినారా" అన్నాడు. అంతే అన్నాడు.

కాంపౌండరు తల ఊపాడు. అక్క పాపని గుండెకి అదుముకుంది. నేను లేచి నిలబడ్డాను. దారంతా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎండకి కోత ఎలా ఆరిపోతుందో, గీత రోజుకి రెండుసార్లే ఎందుకు గీస్తారో, కారణం తెలియనిచోట మనిషిని ఇరికించడం ఎంత హేయమో చెప్పాను. చిల్లంగి అన్న మాట నేనే ముందు పైకి అనేశాను. లారీ ఓనరు నోరు తెరిచాడు. అప్పటిదాకా ఆయనకి ఏమీ తెలియదు.

ఈ లోపల చెట్టుగలాయన పొద్దున్న దించిన కల్లు ఉన్న ఆనపకాయ బుర్ర తెచ్చాడు. అడ్డాకుతో ఒకే ఒక్క పెద్ద దొప్ప కుట్టాడు. నిండా పోసి, నాలుగు చుక్కలు నేల మీద వదిలి, ముందు తను తాగాడు. మళ్ళీ నింపి నా ఉపన్యాసం ఆగుతుందేమోనని నిలబడి చూస్తున్నాడు.

"బాబూ, ఆ మిగతాది తరవాత సెప్పు. పులిసిపోతాది" అంది పిన్ని.

నేను ఆగాను. లారీ ఓనరు చిన్నగా గొంతు సవరించుకున్నాడు. ఈ ఊళ్ళతో ఆయనకి ఏళ్ళ తరబడి స్నేహం.

"ఇక్కడ పద్దతి సెప్తాను మావా. పోసినోడు ముందు తాగాల, ఇందులో ఏటీ కలపనేదని. తరవాత వచ్చినోళ్ళలో పెద్దోళ్ళు. ఆ దొప్పే అందరికీ. ఎంగిలనుకోకూడదు. మనకన్నా ముందు తాగినోళ్ళ సేతినించి దొప్ప వద్దన్నామంటే, వోళ్ళు మందెట్టినారని మనం సెప్పినట్టు. అలాగంటే ఈళ్ళు ఊరుకోరు. సాక్ష్యం తెమ్మంటారు."

దొప్ప ముందు పెద్దవాళ్ళకి కదా. చెట్టుగలాయన రెండు చేతులతో పిన్నికి ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది. ఇంటి దగ్గర తన గ్లాసు వేరే పెట్టిస్తే ఊరుకున్న మనిషి, అపరిచితుడి దొప్పని అపురూపంగా పట్టుకుని, కళ్ళు మూసుకుని సగం తాగింది. మూతికంటిన నురగ పచ్చచీర కొంగుతో తుడుచుకుంది.

"తియ్యగున్నాదర్రా" అంది. చెయ్యి చాపి దొప్ప మా బావకి ఇచ్చింది. వయసులో తరవాతివాడు ఆయనే.

బావ తీసుకున్నాడు. తీసుకోక తప్పలేదు. దొప్ప ఆయన చేతిలో ఆగిపోయింది. సాక్షుల చేత అనిపిద్దామనుకున్న మాట ఇప్పుడు తానే అనాలి. దొప్ప దించేస్తే చాలు, అన్నట్టే. చెట్టుగలాయన ఎదురుగా నిలబడ్డాడు, కోపం లేదు, తొందర లేదు. ఊరికే చూస్తున్నాడు.

పాపని ఎత్తుకునే అక్క లేచింది. భర్త చేతిలోంచి దొప్ప తీసుకుని గడగడా తాగింది. తాగి, అదే చేత్తో పాపని తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పిన్ని ఒళ్ళో కూర్చోబెట్టింది. దొప్పలో అడుగున మిగిలింది మళ్ళీ భర్తకి ఇచ్చింది.

"ఆవిడదీ నాదీ ఎంగిలే. తాగుతావో పారబోస్తావో నీ ఇష్టం. పారబోస్తే మాత్తరం ముగ్గురం ఇక్కడే దిగిపోయినట్టు. లారీలో నువ్వొక్కడివే ఎల్లు."

అక్క గొంతు పెంచలేదు. మా బావ పిన్ని ఒళ్ళో ఉన్న పాపని చూశాడు. తర్వాత దొప్ప ఎత్తి తాగాడు. తాగాక ఏమైనా అవుతుందేమోనని తన ఒంటి లోపలికి తానే చెవొగ్గి విన్నట్టు కాసేపు కదలకుండా కూర్చున్నాడు. ఏమీ కాలేదు. కాంపౌండరు తన వంతు వచ్చినప్పుడు, తాగను అన్నవాడు, రెండు గుక్కలు తాగాడు. ఆ పల్లెలో వద్దనే ధైర్యం ఆయనకి లేకపోయింది.

నేను ఇక్కడ విజయం రాసుకోను. మా బావ హేతువుకి లొంగి తాగలేదు. నా ఉపన్యాసంలో ఒక్క వాక్యమైనా ఆయన చెవిలో పడ్డట్టు గుర్తు లేదు. పెళ్ళాం పోతుందని తాగాడు, కొత్తవాళ్ళ ముందు నిలదీయబడతానని తాగాడు. భయం వల్ల పుట్టిన అనుమానాన్ని ఇంకో భయం అణిచింది. అది మూఢనమ్మకం పోవడం కాదు. పిన్నికి మాత్రం ఇల్లు మిగిలింది.

సాయంత్రం చెట్టుగలాయన పైకెక్కి గెల కోత మీద పలచగా కొత్త గీత గీశాడు. ముంత కట్టి దిగాడు. కాసేపటికి పైనుంచి చప్పుడు మొదలైంది, మట్టి ముంతలో ఒక్కొక్క చుక్కా. పిన్ని మధ్యాహ్నం నుంచీ ఆ మొదట్లోంచి లేవలేదు. పాప ఆవిడ ఒళ్ళో ఎండిన జీలుగు కాయలు ఏరుకుంటోంది.

"బావా, వింటున్నావా?" అన్నాను.

"సల్లబడింది గదా. వస్తాది" అన్నాడు.

"ఆ ముక్క పగలు ఎందుకు గుర్తు రాలేదు?"

"నువ్వడగనేదు గదా" అన్నాడు మా బావ, బీడీ నలుపుతూ.

తిరుగు ప్రయాణంలో లారీ ఓనరు తప్ప అందరం లారీ వెనకే కూర్చున్నాం, గాలికి. ఘాట్ దిగుతుంటే పాప పిన్ని భుజం మీద నిద్రపోయింది. మలుపుల్లో లారీ ఒరిగినప్పుడల్లా బావ చెయ్యి ముందుకొచ్చి, ఆగి, వెనక్కి పోతోంది. చివరికి ఉండబట్టలేక అన్నాడు.

"అత్తా, బరువైతే గుంటని ఇలాగియ్యి."

పిన్ని ఆయన వైపు చూసింది. పాప మెడ చుట్టూ పచ్చకొంగు కప్పి ఇంకా దగ్గరికి తీసుకుంది.

"ఉండనీ. నీ దగ్గర కల్లు కంపు" అంది.

లారీ ఓనరు క్యాబిన్లోంచి విని పగలబడి నవ్వాడు. మా బావ నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, దుప్పటి తీసి, పిన్ని మోకాళ్ళ మీద వేశాడు. వేసి కూడా, ఆవిడ చెయ్యి పాప వీపు మీద ఎలా ఉందో ఒకసారి చూశాడు. నేను ఆయన్ని చూశాను.